ఆయాసం లేని పరుగు: నాలుగేళ్ల తర్వాత నా మాట

గుండెకి మంచిది, ఒళ్లు తగ్గుతుంది వంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. విశాఖ బీచ్ రోడ్డు మీద వారానికి నాలుగు రోజులు, నాలుగేళ్లుగా పరిగెడుతున్నాక నన్ను పట్టి ఉంచింది ఒక్కటే: మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మది. పరుగంటే రొప్పడమే అనుకోవడం వల్లే చాలామంది రెండో వారానికి మానేస్తారు. రొప్పకుండా గంటసేపు కదలొచ్చని ఒంటికి ఒకసారి తెలిసిందా, తెల్లవారుజామున లేవడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఎంత నెమ్మది అన్నదానికి వాచీ కంటే నోరే మంచి కొలత. పక్కన మనిషి ఉంటే మాట్లాడండి. లేకపోతే చిన్నప్పుడు కంఠతా పట్టిన ఆటవెలది పద్యం ఏదైనా పైకి చదవండి. పాదం మొత్తం ఒక్క ఊపిరిలో వస్తే వేగం సరిపోయినట్టు. పాదం మధ్యలో ఊపిరి తెగితే తగ్గించాలి. రాగం తీసి పాడగలుగుతుంటే కాస్త పెంచొచ్చు.

తగ్గించడంలోనే అందరూ పొరబడతారు. వేగం తగ్గించమంటే అడుగుల లయ తగ్గిస్తారు, అంగ మాత్రం అలాగే చాపుతారు. అప్పుడు మడమ ఒంటికి ముందుగా వెళ్లి నేలని గుద్దుతుంది, ఆ దెబ్బ నేరుగా మోకాలికి వస్తుంది. తగ్గించాల్సింది అంగ పొడవు. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నాకు 41, 42 వస్తుంది, అంటే నిమిషానికి 164 నుంచి 168 అడుగులు. పొడుగు మనుషులకి కొంచెం తక్కువ రావొచ్చు. పాదం టప్‌టప్‌మని గట్టిగా చప్పుడు చేస్తుంటే అంగ ఇంకా పెద్దదనే అర్థం. కొత్తవాళ్లకి ఈ లయలో ఐదు నిమిషాలు కూడా కష్టమే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. మొదటి రెండు వారాలకి అంతే చాలు.

ఇందులో నన్ను దెబ్బతీసింది వేగం కాదు, ఇసుక. తడి ఇసుక మెత్తగా, కాళ్లకి సుఖంగా ఉంటుందని కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కిందకి దిగి, ఉత్తరంగా నీటి అంచునే వెళ్లి, తిరుగు దారిలో రోడ్డెక్కడం కొన్నాళ్లు అలవాటుగా సాగింది. తడి ఇసుక సముద్రం వైపుకి వాలి ఉంటుంది. ఉత్తరంగా వెళ్తుంటే సముద్రం కుడిచేతి వైపు, కాబట్టి కుడికాలు ఎప్పుడూ పల్లంలో, ఎడమకాలు ఎప్పుడూ మెరకలో పడుతుంది. మెరకలో పడే పాదం లోపలికి ఒరుగుతుంది. ఆ ఒరుగుడుని ఆపడానికి చీలమండ లోపలి వైపు కండరాలు ప్రతి అడుగుకీ లాగిపట్టాలి. అవి అతుక్కుని ఉండేది కాలి ముందెముక లోపలి అంచుని. వెళ్లడం, రావడం రెండూ ఇసుక మీదే అయితే ఆ భారం రెండు కాళ్లూ పంచుకునేవి. రావడం రోడ్డు మీద కావడంతో అంతా ఎడమకాలి మీదే పడింది.

ఆ ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలైంది. షిన్ స్ప్లింట్స్ అంటారే, అదే. మొదట్లో పరుగు మొదలెట్టిన పది నిమిషాలు సలిపి తగ్గిపోయేది. అక్కడే ఆపాల్సింది. తగ్గిపోతోంది కదా అని కొనసాగిస్తే మూడు వారాలకి మెట్లు దిగుతుంటే కూడా నొప్పి వచ్చింది. ఇలాంటప్పుడు ఇంట్లోనే ఒకటి చూసుకోవాలి. ఎముక అంచు వెంట వేలితో పైనుంచి కిందకి నొక్కుకుంటూ రండి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే చాలావరకు ఇదే. ఒక్కచోటే, వేలి కొన కింద చురుక్కుమంటే ఎముకలో సన్న చీలిక ఉండొచ్చు, వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించుకోవాలి. నాది మొదటి రకం. నెలరోజులు పరుగు లేదు, నడక, సైకిలు మాత్రమే. రోజు విడిచి రోజు మెట్టు అంచు మీద నిలబడి మడమలు ఎత్తి దించడం: మోకాలు నిటారుగా 15 చొప్పున మూడుసార్లు, మోకాలు కొంచెం వంచి మరో మూడుసార్లు. వంచి చేసేది విసుగనిపిస్తుంది కానీ మానకూడదు, పిక్క లోపలి పొరకి పని చెప్పేది అదే. ఎడమకాలి మీద 20 సార్లు నొప్పి లేకుండా గెంతగలిగాకే మళ్లీ ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకకి వచ్చాను. ఇప్పుడు పూర్తిగా రోడ్డు మీదే. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కాబట్టి వాలు లేని నడిమధ్యన పరిగెత్తొచ్చు.

ఖర్చు లేని సరదా అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. అది పూర్తిగా నిజం కాదు. బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లకి మెత్తదనం కోల్పోతాయి, నా లెక్కన ఏడాదికి రెండు జతలు. వాటిని సాయంత్రం కొనాలి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు బొటనవేలంత జాగా వదలాలి. వానలో తడిస్తే లోపలి అట్ట తీసేసి, న్యూస్‌పేపరు కుక్కి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది.

మన ఊరి ఉక్క కూడా చెప్పాలి. పొద్దున గాలి భూమి మీంచి సముద్రం వైపు వీస్తుంది, అదీ అంతంతమాత్రమే. చెమట కారుతుంది గానీ ఆరదు, అందుకే ఒళ్లు చల్లబడదు. చర్మానికి ఎక్కువ రక్తం పంపాల్సి వచ్చి గుండె వేగం పెరుగుతుంది. జనవరిలో కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలు పట్టే నాకు, అదే ఊపిరితో మే నెలలో తొమ్మిదికి దగ్గర పడుతుంది. అది వెనకబడటం కాదు. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే తగ్గిన కిలోకి ఇంచుమించు లీటరు నీరు పోయినట్టు. ఉప్పు వేసిన మజ్జిగ నాకు బాగా పడింది. కాటన్ బనియన్ మాత్రం వద్దు. తడిసి బరువెక్కి చంకల దగ్గర ఒరుసుకుంటుంది, స్నానంలో నీళ్లు పడగానే మంట.

ఇంకో సంగతి. కేవలం నెమ్మదిగానే పరిగెడితే వేగం ఓ చోట ఆగిపోతుంది. పందేల్లో టైం కావాలనుకునేవాళ్లకి నా పద్ధతి సరిపోదు. వాళ్లు వారానికి ఒక రోజు చివర్లో 20 సెకన్ల చొప్పున ఐదారుసార్లు చురుగ్గా పరిగెత్తి, మధ్యలో పూర్తిగా తేరుకోవాలి.

నాకు ఇల్లు పెదవాల్తేరులో, ఆఫీసు పదింటికి, ఇంట్లో చంటిపిల్లలు లేరు. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోగలను, అందుకే ఐదింటికి లేవడం భారం అనిపించదు. నైట్ షిఫ్టు చేసేవాళ్లకి, మోకాళ్లు ముందే అరిగినవాళ్లకి ఇదే చెయ్యమని చెప్పలేను. నాకైతే సరిపోయింది, మే నెలలో మాత్రం సగం దూరమే.