నిండు నాదమా, నిలకడ శ్రుతా? విండ్ బ్యాండ్‌లోకి ఏ ఓబో మేలు

విండ్ బ్యాండ్ అంటే ప్రధానంగా ఊది వాయించే వాద్యాల బృందం. దాని ఆడిషన్‌కి ఓబో (సన్నాయిలా ఊది వాయించే పాశ్చాత్య వాద్యం) వాయించేవాళ్లు ఇద్దరు వస్తారు. ఒకరిది నిండైన ముదురు నాదం, కానీ శ్రుతి జరుగుతూ ఉంటుంది. రెండోవారిది సన్నగా, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది, శ్రుతి మాత్రం కదలదు. ఎవర్ని తీసుకోవాలన్నది హైదరాబాద్‌లో బ్యాండ్ నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న. ఓబో వాయించేవాళ్లే అరుదైన ఊళ్లో ఇద్దర్లో ఒకర్ని ఎంచుకునే అవకాశం రావడమే గొప్ప. నా ఓటు మాత్రం రెండోవారికే.

ఆర్కెస్ట్రాలో ఓబోకి తీగ వాద్యాలు మెత్తటి పరుపు వేస్తాయి. బ్యాండ్‌లో ఆ పరుపు లేదు. ఫ్లూట్లు, మొదటి క్లారినెట్లు పలికే వరుసనే చాలాసార్లు ఓబో కూడా పలకాలి. క్లారినెట్ పలికే ‘ఎ’ స్వరం 442 హెర్ట్జ్ దగ్గర ఉండగా ఓబో 446 దగ్గర ఉంటే సెకనుకి 4 సార్లు నాదం అలలా ఊగుతుంది. ఓబో నాదానికి 1000, 3000 హెర్ట్జ్ ప్రాంతాల్లో బలం ఎక్కువ. 3000 దగ్గర మన చెవి మరీ చురుకు. అందుకే పది క్లారినెట్ల మధ్య కూడా ఒక్క ఓబో అపశ్రుతి దాగదు.

నాదంలో పెద్ద వాటా రీడ్‌ది (నోట్లో పెట్టుకుని ఊదే, రెల్లుతో చేసిన జంట పలక). ముదురుగా వినిపించే నాదం చాలాసార్లు మొన మందంగా ఉంచిన రీడ్ వల్ల వస్తుంది. అలాంటి రీడ్ మీద కింది ‘బి ఫ్లాట్’, ‘బి’, ‘సి’ స్వరాలు తక్కువ శబ్దంతో ఎత్తుకోవు, పలుకు ఆలస్యమవుతుంది. బరువైన రీడ్‌ని లొంగదీయడానికి పెదవులు బిగిస్తే పై స్వరాలు ఇంకా పైకి పోతాయి. అందుకని తీర్పు చెప్పే ముందు ఇద్దరికీ ఒకే రకం, ఒకే గట్టిదనం ఉన్న కొత్త రీడ్లు విడివిడిగా ఇవ్వండి (ఒకరి రీడ్ ఇంకొకరి నోట్లో పెట్టించకండి). మామూలు నీళ్లలో రెండు మూడు నిమిషాలు నానితే చాలు, ఎక్కువ నానితే రీడ్ నోరు (పలకల మధ్య సందు) తెరుచుకుంటుంది. సన్ననాదం వారికి కాస్త మందమైన రీడ్ ఇవ్వగానే నాదం నిండితే లోపం రీడ్‌దే. అప్పటికీ నొక్కినట్టే ఉంటే దవడ రీడ్‌ని కొరుకుతోందన్నమాట. అది దిద్దడానికి నెలలు పడుతుంది, అక్కడ నా ఓటు మారొచ్చు.

వినేటప్పుడు పక్కన నిలబడకండి. మీటరు దూరంలో కరకుగా తోచింది పది మీటర్ల అవతల చక్కగా ఉండొచ్చు. ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) వాయించేవారికి కనపడకూడదు. నిమిషానికి 60 లెక్కన ఎనిమిది మాత్రలు నడిమి ‘సి’ని మెల్లగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గించమనండి. తగ్గేచోట పెదవులు బిగిస్తే శ్రుతి ఎక్కుతుంది, ఊపిరి ఒత్తిడి వదిలితే దిగుతుంది. తర్వాత ఒక క్లారినెట్‌తో కలిపి అదే స్వరం, ఊపు (వైబ్రాటో, స్వరాన్ని కావాలని ఊపడం) లేకుండా. క్లారినెట్ సాధారణంగా ఊపు లేకుండానే పలుకుతుంది కనుక, ఊపు ఆపలేని ఓబో ఎంత అందంగా ఉన్నా విడిగానే వినిపిస్తుంది.

బ్యాండ్ సంగీతం ఫ్లాట్ స్కేళ్లలోనే ఎక్కువ. ఎ ఫ్లాట్ మేజర్ వాయించమని ‘ఎఫ్’ దగ్గర వేళ్లు చూడండి. ‘ఇ ఫ్లాట్’ నుంచి ‘ఎఫ్’కి వెళ్లేటప్పుడు ఎడమచేతి ‘ఎఫ్’ కీ లేకపోతే అడ్డువేళ్ల ‘ఎఫ్’ (ఫోర్క్డ్ ఎఫ్ అనే బదులు వేళ్ల అమరిక) తప్పదు, అది మొద్దుగా పలుకుతుంది. చవక వాద్యాల్లో ఆ కీ ఉండకపోవచ్చు, ఆ మార్కులు మనిషికి తగ్గించకండి. ఫెర్లింగ్ రాసిన 48 ఎట్యూడ్‌లలో (ఓబో సాధన రచనల్లో) నిదానమైనది ఒకటి ఇస్తే ఊపిరి సంగతి తేలుతుంది. ఓబోలో గాలి చాలకపోవడం కాదు, వాడేసిన గాలి లోపల మిగిలిపోవడం ఇబ్బంది. ముందు వదిలి, తర్వాత పీల్చేవారు వాక్యం చివర కూడా శ్రుతి నిలుపుతారు.

ఇక మన ఊరి వాతావరణం. మే నెల పొడిగాలికి రీడ్ నోరు మూసుకుంటుంది, వానల్లో ఉబ్బి తెరుచుకుంటుంది. డిగ్రీ వేడికి గాలిలో శ్రుతి సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పెరుగుతుంది. రవీంద్రభారతి ఏసీలో సరిచేసుకున్నది సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ ఎండలో అలాగే ఉండదు. ఊపిరి వేడి లోపలే ఉంటుంది కాబట్టి పూర్తి లెక్కన పెరగకపోయినా తేడా తెలుస్తుంది. క్లారినెట్ వాళ్లు బ్యారెల్ (నోటి ముక్క కింది పొట్టి గొట్టం) లాగి సర్దుకుంటారు. ఓబో రీడ్‌ని మిల్లీమీటరో రెండో లాగితే లోపల ఖాళీ ఏర్పడి కొన్ని స్వరాలు తడబడతాయి. అంటే చెవితో, పెదవితో సర్దుకోవాల్సిందే. ఆ చెవి రీడ్‌తో పాటు కొనుక్కునేది కాదు.

ఓబో వరుసని సోప్రానో శాక్సోఫోన్‌కో క్లారినెట్‌కో ఇచ్చేయడం గత్యంతరం లేనప్పటి పని. ప్లాస్టిక్ రీడ్ ఎండాకాలం ఊరేగింపుకి సరే.

నిండునాదం వారిని పంపేయమనడం లేదు. ఐదుగురి వుడ్‌విండ్ క్వింటెట్ ఉంటే అందులో కూర్చోబెట్టండి. అక్కడ ఓబో ఒక్కటే ఉంటుంది, ప్రతి వాద్యం విడిగా వినిపిస్తుంది, మిగతా నలుగురూ వింటూ సర్దుకోగలరు. నలభై మంది బ్యాండ్‌లో అంత ఓపిక ఎవరికీ ఉండదు.