లైన్‌మన్ చేతిలో ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లేయర్: ఏళ్ల వాడకం తర్వాత

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో లైన్‌మన్‌గా పనిచేస్తున్న నేను చాలా ఏళ్లుగా ఒకే ఇన్సులేటెడ్ కటింగ్ ప్లేయర్‌ను వాడుతున్నాను. దానిమీది కంపెనీ పేరు రాపిడికి చెరిగిపోయింది గానీ, జంట త్రిభుజాల గుర్తు, దాని పక్కన 1000 వోల్టుల అంకె ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. కొనేవారు మొదట చూడవలసింది ఆ గుర్తునే; 1000 వోల్టుల వరకు తొడుగు కరెంటును ఆపుతుందనే హామీ అదే. పిడి తొడుగు మందంగా ఉన్నంత మాత్రాన అది కరెంటును ఆపుతుందని నమ్మకూడదు.

ఆ హామీ కూడా ఇళ్లకూ మోటార్లకూ వెళ్లే ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) లైన్ల వరకే. 11 కేవీ (11,000 వోల్టుల) లైను దగ్గర ఈ తొడుగుకు విలువే లేదు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపి పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, తీగల్లో మిగిలిన కరెంటును నేలకు దింపే డిశ్చార్జి రాడ్డు తగిలించి, పనిచేసే చోటుకు ఇరువైపులా ఎర్త్ చేసిన తర్వాతే ప్లేయర్ సంచిలోంచి బయటికి రావాలి. ఇందులో ఒక్కటి ఎగ్గొట్టి అరగంట మిగుల్చుకుందామనుకునేవాడికి ఎంత మంచి పనిముట్టు ఇచ్చినా దండగే.

కోత విషయంలో దీనికి మధ్యస్థంగానే మార్కులు వేస్తాను. వీజల్ రకం కండక్టరులో (లైను తీగలో) ఆరు అల్యూమినియం పోగుల నడుమ ఒక ఉక్కు పోగు ఉంటుంది; ఆ ఉక్కును పదేపదే దీనితోనే కోస్తే అంచుకు గాట్లు పడతాయి.

దీని అసలు పనితనమంతా ముక్కులో ఉంది. జంపరు, అంటే రెండు తీగలను కలిపే చిన్న తీగముక్క, కట్టేటప్పుడు పోగులను బొంగరానికి తాడు చుట్టినట్టు సందు లేకుండా చుట్టుకుంటూ పోయి, చివర ముక్కుతో పట్టి నొక్కితే కొన కండక్టరును కరచుకుంటుంది. చుట్టు వదులుగా ఉంటే అక్కడ ఆక్సైడు పొర పేరుకుని, నిరోధం పెరిగి, లోడు పడినప్పుడల్లా అతుకు వేడెక్కి చివరికి కాలిపోతుంది. వేసవిలో బోరు మోటార్లన్నీ ఒకేసారి తిరిగే వేళ, తోతాపురి కాయ దిగి గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబగళ్లు నడిచే రోజుల్లో, ఏ జంపరు ఎలా కట్టారో లోడే బయటపెడుతుంది.

"ఇంకా కంబాలు ఎక్కతానే ఉండావా?" అని పెళ్లిళ్లలో చుట్టాలు అడుగుతుంటారు. ఎక్కుతూనే ఉన్నాను, ఆ మాట చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు. నేను కట్టిన అతుకుల కింద నుంచి వెళ్లేటప్పుడు తలెత్తి చూసుకోవడం నాకు అలవాటు; నల్లబడకుండా ఉంటే ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది. ఆ కరెంటుతో నీళ్లు పారించుకునే రైతుకు ఆ అతుకు ఉన్న సంగతే తెలియదు, తెలియవలసిన అవసరం రాకపోవడమే నా పనికి దక్కిన మర్యాద అనుకుంటాను.

నవంబరు వానల్లో తడిస్తే కీలు బిగుసుకుపోతుంది కాబట్టి తుడిచి ఒక చుక్క మిషన్ నూనె వేయాలి. తొడుగు పగిలితే టేపు చుట్టి నెట్టుకురావడం మా వాళ్లలో చాలామందికి అలవాటు గానీ, అటువంటి పిడిని లైను పనికి వాడకూడదు. ఇళ్లలో వైరింగు మాత్రమే చేసేవారికి ఇంత బరువు అనవసరం, ఆరంగుళాలది చాలు.