ఫిషింగ్ కయాక్ కొనాలనుకునే తిరుపతి వాళ్ళకి: అరణియార్‌లో చాన్నాళ్ళు వాడినాక

కయాక్ అంటే తెడ్డు వేసుకుంటా పోయే చిన్న పడవ. నాది పది అడుగుల సిట్ ఆన్ టాప్ కయాక్. లోపలికి దూరి కూచునేది కాదు, పైన కూచునే రకం, గట్టి ప్లాస్టిక్కుతో ఒకటే ముక్కగా పోసింది. చాన్నాళ్ళుగా వాడతా ఉండా. కొత్తవాళ్ళకి ఇదే సరైనదని గట్టిగా నమ్ముతా, కానీ ఒక్కరే కొనుక్కోని ఒక్కరే నీళ్ళలోకి దిగబాకండి, తెలిసినోళ్ళు ఒకరు పక్కనుండాల్సిందే.

నాకు ఆ తెలిసినోడు మా మామ. ఫ్రెండే, మేం మామా అనుకుంటాం. ఏళ్ళ తరబడి గట్టుమీంచి గాలం వేసి తర్వాత కయాక్‌కి మారినోడు. మొదటిసారి పుత్తూరు, నారాయణవనం మీదుగా పిచ్చాటూరు దగ్గర అరణియార్ డ్యాముకి పిల్చకపోయినాడు. ముందే అక్కడ చేపలు పట్టుకునే మత్స్యకారుల సంఘం వాళ్ళతో మాట్లాడి సరేననిపించుకున్నాడు, మీరు గూడా అడక్కుండా దిగబాకండి, అది వాళ్ళ బతుకుదెరువు. కల్యాణి డ్యాము దగ్గరే కదా అంటారు చాలామంది, అది తిరుమలకీ తిరుపతికీ తాగేనీళ్ళు, దాని జోలికి పోవద్దు.

ఆరోజు చానాసేపు నా చేతికి రాడ్డే (గాలం కర్ర) ఇయ్యలేదు. "నడుం లోతులో ముందు పడు మామా, పడి మళ్ళీ ఎక్కి చూపించు, అప్పుడిస్తా" అన్నాడు. పక్కకి వచ్చి రెండు చేతులూ కయాక్ మీద పెట్టి, కాళ్ళు నీళ్ళపైకి వచ్చేదాకా గట్టిగా కొట్టి, పొట్టమీద పాక్కుంటా ఎక్కి, అప్పుడు తిరిగి కూచోవాలి. నాలుగైదుసార్లు చేసేసరికి భుజాలు లాగేసినాయి కానీ పడితే ఏమవుతుందో అనే భయం ఆరోజే పోయింది, దాని విలువ నాకు ఇప్పటికీ తెలుస్తా ఉంది. లైఫ్ జాకెట్ మీద న్యూటన్లలో ఉండేది మనిషిని తేల్చే బలం, 50 న్యూటన్ అని ఉంటే అది ఈతొచ్చినోళ్ళకి, రానివాళ్ళు 100 తీసుకోండి. ఏదైనా సరే ఒంటిమీద బిగించి ఉండాల, సీటు వెనకాల పెట్టుకుంటే లేనట్టే.

ఇంక గాలి సంగతి. పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది. పొయ్యేటప్పుడు గాలికి ఎదురు పోవాల, అలిసిపోయినాక అదే గాలి ఇంటికి తోస్తుంది. ఇది మామ చెప్పిందే, ఇన్నాళ్ళలో ఒక్కసారి గూడా తప్పలేదు. తెడ్డు చేతుల్తో లాగితే అరగంటకే చేతులు పడిపోతాయి, నడుం తిప్పి లాగాల.

గాలి కొట్టే కయాక్ చవక, డిక్కీలో పడుతుంది, నిజమే. కానీ మన చెరువుల్లో, డ్యాముల్లో నీళ్ళు తగ్గినప్పుడు సర్కారు తుమ్మ అడివిలా లేస్తుంది, వానలకి నిండినాక ఆ చెట్లన్నీ నీళ్ళకిందికి పోతాయి. కొర్రమీను ఉండేది సరిగ్గా ఆ ముళ్ళకంపలోనే. అందుకే ప్లాస్టిక్ తీసుకున్నా, అడుగంతా గీతలు పడినాయి గానీ చిల్లు మాత్రం పడలా.

కొర్రమీనుకి ఎరగా రబ్బరు కప్ప, 40 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ లైను, అంటే అల్లిన గాలం దారం. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి బుడగ ఎక్కడ లేస్తే అక్కడికి కప్పని వేసి మెల్లగా లాక్కోవాల. కప్పని మింగిన చప్పుడు వినంగానే లాగితే వదిలేస్తుంది, ఒక క్షణం ఆగి లాగాల. కయాక్ మీద ఈ పని ఎంత బాగుంటుందంటే, మనిషి కిందికి కూచోని ఉంటాడు కాబట్టి పెద్ద చేప పడితే కయాక్‌నే లాక్కపోతుంది, ఆ ఆనందం గట్టుమీద రాదు. ఎర్రగా పిల్లలు గుంపుగా తిరగతా ఉంటే మాత్రం కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, వాటిని పట్టబాకండి, పడితే ఆ పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకే.

బాగలేనివి చెప్తా. కయాక్‌లో సామాను పెట్టుకునే డబ్బా మూతలోంచి నీళ్ళు దూరవని అమ్మినోళ్ళు చెప్పినారు, దూరతాయి, ఫోను డ్రైబ్యాగులోనే (నీళ్ళు దూరని సంచి) పెట్టాల. రాడ్ హోల్డర్లు మరీ వెనక్కి ఉన్నాయి, వెనక్కి తిరిగి అందుకునేటప్పుడు బ్యాలెన్సు పోతుంది, ముందర ఇంకొకటి బిగించుకున్నా. సీటు గుడ్డ పిగిలిపోయింది, కుట్టించినా. బరువు ముప్పై కిలోల దగ్గర, కారు పైకెక్కించడానికి ఇద్దరు కావాల. మన మే నెల ఎండలో కారుమీద బిగించి కట్టి వదిలేస్తే అడుగు సొట్టపోతుంది, నీడలో బోర్లా పెట్టుకోండి.

వలల దగ్గర జాగ్రత్త. ప్లాస్టిక్ బాటిళ్ళు, థర్మాకోల్ ముక్కలు వరసగా తేలతా ఉంటే కింద వల ఉన్నట్టు, చుట్టూ తిరిగి పోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, డ్యాము నిండితే గేట్లు ఎత్తి తమిళనాడు వైపు వదుల్తారు. ఆ రోజుల్లో నీళ్ళ దగ్గరికే పోవద్దు. బయల్దేరే ముందే పిచ్చాటూరులో తెలిసినోళ్ళకి ఫోన్ చేసి కనుక్కోండి, గేట్లు దించి నీళ్ళు తేరుకున్నాకే పోండి, బురదనీళ్ళలో కప్ప వేసినా చేపకి కనపడదు.