పొట్టి గడ్డపార: నాలుగు ఎండాకాలాల తర్వాత

ఈ గడ్డపార ఎట్లా తవ్వుతుందో తర్వాత చెబుతాను. ముందు దాని చప్పుడు గురించి చెప్పాలి. గట్టి బండకు తాకిస్తే ఖంగుమంటుంది, ఆ అదురు మణికట్టు దాకా వస్తుంది. విడిపోయిన బండకు తాకిస్తే దబ్బుమంటుంది, చేతికి ఏమీ రాదు. నెత్తికి లైటు కట్టుకొని, మోకాళ్ళ మీద కూర్చొని, పైన రాయి గట్టిగా ఉందో వేలాడుతుందో కంటికి తెలియని చోట పని చేసేవాడికి ఈ తేడా ఎంత పెద్దదో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా చండూరు వైపు చెలక. తాత నాటి మోటబావి ఉంది, 42 అడుగుల లోతు. దాని అడుగున తూర్పు గోడలో ఊటను వెతుక్కుంటూ వడ్డెర వాళ్ళు అప్పట్లో కొట్టిన సొరంగం ఉంది. బోర్లు వచ్చినంక మోట పోయింది, బావి పూడింది, సొరంగం మూతి కూడా మట్టిలో కలిసిపోయింది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఏం చేసిందో మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ బావిని మళ్ళీ బతికించాలని నేనూ మా బామ్మర్దీ నాలుగు ఎండాకాలాలుగా పూడిక తీస్తున్నాం.

సొరంగంలో ఐదడుగుల గడ్డపార తిరగదు. సమ్మెట ఎత్తే జాగా లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మడత పార రెండో వారానికే మడత దగ్గర ఊగడం మొదలుపెట్టింది, మొరం ముందు అది నిలవలేదు. గుహల్లో తవ్వేవాళ్ళదీ ఇదే తిప్పల. వాళ్ళు పడుకొని పొట్టి పనిముట్లతో మట్టి రాల్చి, ప్లాస్టిక్ క్యాన్‌ను నిలువునా కోసి, రెండు వైపులా తాడు కట్టి ఈడుస్తారు. ఆ క్యాను ఉపాయం మేమూ పట్టుకున్నాం. తట్ట అయితే అడుగడుక్కూ బోర్ల పడేది, ఇది జారుకుంటూ వస్తుంది.

ఇక గడ్డపార. క్వారీలో అరిగిపోయిన జాక్‌హామర్ రాడ్డును మా ఊరి కమ్మరి తాత 28 అంగుళాలకు కోసి చేసిచ్చాడు. ఆరు పలకల ఉక్కు, నడుమ నిలువునా సన్నటి బెజ్జం. క్వారీలో ఆ బెజ్జంలోంచే గాలి కొట్టి రాతిపొడి బయటికి ఊదుతారు. ఒక కొన సూది, ఇంకో కొన రెండు వేళ్ళ వెడల్పు ఉలి. చెమట చేతిలో జారదు. మొదటి ఏడాది ఎవరు కనపడితే వాళ్ళకు ఈ జారకపోవడం గురించే చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. గంటన్నర దాటితే ఆ పలకలే అరచేతిని కోస్తాయి. పట్టుకునే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టాను. పొక్కులు తగ్గాయి, కానీ చేతికి వచ్చే అదురు కూడా తగ్గింది. కాబట్టి బండ చూసేటప్పుడు ట్యూబు లేని చోట పట్టుకుంటాను.

మూడో ఎండాకాలం, మే నెల. మూతి నుంచి 16 అడుగుల లోపలికి చేరుకున్నాం. పొద్దున దిగగానే కప్పంతా జానెడు జానెడు దూరాన తట్టుకుంటూ పోవడం అప్పటికే నాకు అలవాటు. ఆ రోజు ఎడమ భుజం పైన దబ్బుమంది. పక్కకు జరిపి కొట్టాను, ఖంగుమంది. మళ్ళీ వెనక్కి వచ్చాను, దబ్బే. కంటికి చూస్తే ఒకే బండ. వెంట్రుక సందు కూడా లేదు.

"నిన్నగూడ గట్లనే ఉండె గదా బావా" అన్నాడు మా బామ్మర్ది, క్యాను నింపుకుంటూ.

నిన్న ఖంగుమన్నది నాకు గుర్తుంది. ఏ మాటా అనకుండా అతని చొక్కా పట్టుకొని బయటికి గుంజాను. పైకెక్కి, చాయ తాగి, పక్క చేను వాళ్ళ పెద్ద గడ్డపార తెచ్చుకొని మళ్ళీ దిగాం. దాన్ని నేల మీద పడుకోబెట్టి లోపలికి తోశాం, ఆ చోటుకు ఐదడుగులు ఇవతల ఉండి కొనతో కెలికాను. నాలుగోసారికి ఊడిపడింది. బావి మొత్తం అదిరింది. కల్లంలో వేసే నులక మంచంలో సగం ఉంటుంది ఆ పలక. పగలగొడితే 11 ముక్కలయింది, గిరక మీద ఒక్కొక్కటే పైకి చేర్చడానికి రెండు రోజులు పట్టింది. అది కూలిన చోట ఎర్రటి జిగట మట్టి, అందులో జుట్టులాంటి సన్నటి వేళ్ళు.

ఆ మట్టే అసలు సంగతి. బేలుం గుహలు సున్నపురాయి. నీళ్ళు రాయిని కరిగించి 3,229 మీటర్ల దారి చేసుకున్నాయి. మాది గ్రానైటు. ఇక్కడ నీళ్ళు పగుళ్ళలో దూరి, రాతిలోని తెల్లటి పలుకులను ఏళ్ళ తరబడి మెత్తబరిచి మట్టి చేస్తాయి. తడిగా ఉన్నన్నాళ్ళు ఆ జిగట బండను పట్టి ఉంచుతుంది. ఎండాకాలం ఆరి ముడుచుకుంటే పట్టు వదులుతుంది. మేము దిగేది ఎండాకాలంలోనే.

ఇంత జరిగాక ఈ పొట్టి గడ్డపారను నెత్తిన పెట్టుకోకుండా ఎట్లా ఉంటాను? కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఏ పొట్టితనం వల్ల ఇది సొరంగంలో పనికొస్తుందో, ఆ పొట్టితనం వల్లే తట్టేటప్పుడు ఆ బండ కిందనే ఉండాలి. వదులైన బండ ఉందని ఇది చెబుతుంది, దాన్ని దూరం నుంచి దించలేదు. ఆ రోజు పెద్ద గడ్డపార దొరక్కపోతే దీనితోనే కెలికేవాణ్ణేమో. "ఇదొక్కటి చాలు" అని వెనుక చాలామందికి చెప్పాను. చాలదు. రెండూ ఉండాలి, హెల్మెట్ ఉండాలి. పైగా బండ వెనక తడి మట్టి నిండుగా ఉంటే, విడిపోయిన రాయి కూడా కాస్త గట్టిగానే పలుకుతుంది. నేను రెండుసార్లు మోసపోయాను, పడ్డవి చిన్న పెళ్ళలు కాబట్టి భుజం కమిలి ఊరుకుంది.

ఇంకో దెబ్బ పోయినేడు తగిలింది. సూది కొన మొద్దుబారింది. కమ్మరి తాత హైదరాబాద్‌లో తన కొడుకు దగ్గరికి పోయి ఉన్నాడు. తొందరపడి టౌన్లో ఒక వెల్డింగ్ షాపులో ఇచ్చాను. గ్రైండర్ పెట్టి రెండు నిమిషాల్లో కొన తేల్చిచ్చారు. కొన చుట్టూ నీలం రంగు. చూడటానికి ముచ్చటగా ఉందని సంబరపడ్డాను కూడా. మర్నాడు బండకు కొడితే పది దెబ్బలకు కొన ముద్దయింది.

తాత వచ్చినంక చూపించాను. "నీలమెక్కిందంటే దాని పాణం పోయినట్టే బిడ్డా. ఉక్కును ఆకురాయితో మెల్లగ అరగదీయాలె, లేకుంటె కొలిమికి తేవాలె" అన్నాడు. ఉక్కు నీలం తేలిందంటే 300 డిగ్రీల దగ్గరికి కాగినట్టు. అంత వేడికి కొన గట్టిదనం దిగిపోతుంది. తాత కొనను మళ్ళీ ఎర్రగా కాల్చి, సాగగొట్టి, రెండు అంగుళాలే నీళ్ళలో ముంచి తీశాడు. పైన మిగిలిన వేడి మెల్లగా కొనకు పాకుతుంటే రంగు చూస్తూ కూర్చున్నాడు. ఎండుగడ్డి రంగు రాగానే మళ్ళీ ముంచాడు. అప్పటి నుంచి కొన అట్లాగే ఉంది. చప్పుడు మాత్రం మునుపటి కంటే కొంచెం సన్నబడింది, రెండు వారాలు మళ్ళీ చెవికి అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. ఆ బెజ్జంలో మట్టి నిండితే కూడా పలుకు మందగించినట్టు అనిపిస్తుంది, దిగే ముందు సైకిల్ పుల్లతో పొడిచి శుభ్రం చేస్తాను.

ఎవరైనా చేయించుకోవాలంటే నా కొలతలు చూసి చేయించుకోవద్దు. నేను పొట్టి మనిషిని, మా సొరంగం ఇరుకు, మాది గ్రానైటు. బయట గుంతలు తీసేవాళ్ళకు ఇది నడుం నొప్పే మిగులుస్తుంది. మోచేతి నొప్పి మొదలైనప్పటి నుంచి నేను రోజుకు రెండు గంటలకు మించి పట్టుకోవడం లేదు. నా అంత చెవి పెట్టి వినే ఓపిక లేనివాళ్ళకు మామూలు పొట్టి రాడ్డు, దీనిలో సగం ఖర్చుతో, ఇదే పని చేస్తుంది. పాత బావి అయితే ముందు చెట్టు కొమ్మ దించి గాలి కదిలించి, లాంతరు దించి చూడండి. లాంతరు ఆరితే దిగొద్దు. ఆరకపోయినా చెడు గాలి అసలే లేదని కాదు, పైన ఒక మనిషి తాడు పట్టుకొని ఉండాల్సిందే.

ఇదే రాడ్డులో ఐదడుగులది ఒకటి చేయమని తాతకు చెప్పి ఉంచాను. అంత పొడుగు ముక్క క్వారీ నుంచి ఇంకా రాలేదు. అది వచ్చేదాకా 16 అడుగులు దాటి లోపలికి పోవడం లేదు.