ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన యాంటీవైరస్: ముహూర్తం పంక్తి మీద ఎర్ర డబ్బా

తెనాలిలో పద్దెనిమిదేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. 2023 జూన్‌లో విజయవాడ వెళ్లి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. కంపెనీ పేరు రాయను, యంత్రం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు కూడా. తెర మీద కనిపించే కుంకుమ రంగు అచ్చులో దాదాపు అలాగే వస్తుంది, నాకు అది చాలు. నా ఫిర్యాదంతా దానితోపాటు వచ్చిన యాంటీవైరస్ మీద. దుకాణంలో బిల్లు రాస్తున్న కుర్రవాడు "ఏడాది ఉచితం మేడమ్" అని రెండుసార్లు చెప్పాడు. అప్పుడే అనుమానించాల్సింది.

మొదటి ఏడాది అది చేసిన పని నాకు తెలిసినంతలో ఒకటే. గడియారం ఉండే మూల నుంచి ఎర్ర డబ్బా ఒకటి పైకి లేచి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని చెప్పేది. పెళ్లివారు పక్కన కూర్చుని ప్రూఫు చూస్తుంటే సరిగ్గా ముహూర్తం పంక్తి మీదకే వచ్చి నిలబడేది. ఒక పెద్దాయన ముఖం చిట్లించి, "అపశకునంలా ఉందమ్మా, ముందు దాన్ని తీసేయండి" అన్నారు. తీసేయలేదు. గడువు తీరాక భయపడి 999 రూపాయలు కట్టి మరో ఏడాది పొడిగించుకున్నాను.

2025 ఫిబ్రవరి, మాఘమాసం. చేతిలో ఎనిమిది శుభలేఖల పని ఉంది. అంతకుముందు రాత్రే విండోస్ 11 పెద్ద అప్‌డేట్, 24హెచ్2 అనేది, ఎక్కింది. పొద్దున్నే కార్డులు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం తెరిచాను. 2001 నాటి పేజ్‌మేకర్ 7.0 చక్కగా తెరుచుకుంది. పాత ఫైళ్లన్నీ తెలుగులో శుభ్రంగా కనిపించాయి. కొత్తగా పెళ్లికూతురి పేరు కొట్టబోతే మాత్రం ఒత్తు ఒకచోట, తలకట్టు ఒకచోట, మధ్యలో ఎక్కడిదో ఒక కొమ్ము. కీబోర్డు పాడైందనుకుని వేరేది తగిలించాను. అదే వరస. గంటన్నర పోయాక చూస్తే, గడియారం పక్కన ఎప్పుడూ ఉండే మా తెలుగు టైపింగ్ ప్రోగ్రాం గుర్తు లేదు. దాని డాంగిల్, అంటే ఆ ప్రోగ్రాం నడవడానికి తాళంచెవిలా తగిలించే చిన్న ముక్క, మాత్రం యూఎస్‌బీకి అమాయకంగా వేలాడుతోంది.

తీసేసింది ఆ యాంటీవైరసే. దాని చరిత్ర పేజీలో తెల్లవారుజామున "అనుమానాస్పదం" అని రాసి క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా బంధించి, పెట్టుకుంది. కారణం తర్వాత తెలిసింది. యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో ఒక్కో అక్షరాన్ని రెండు మూడు ముక్కలుగా అతికించాలి. అందుకని టైపింగ్ ప్రోగ్రాం మనం నొక్కిన ప్రతి మీటనూ పేజ్‌మేకర్‌కు చేరకముందే పట్టుకుని మార్చి పంపుతుంది. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాంలు కూడా మీటలను పట్టుకునేది ఇలాగే. కొత్త విండోస్ వచ్చిందని యాంటీవైరస్ కూడా ఆ రాత్రే కొత్త వెర్షన్‌కు మారింది. రెండేళ్లుగా పక్కనే కాపురం చేసిన ప్రోగ్రాం మర్నాటికి దొంగైపోయింది.

ఇక ఫోన్లు. ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్లు నలభై నిమిషాలు సంగీతం వినిపించి, "యాంటీవైరస్ మాది కాదు మేడమ్, వాళ్లనే అడగండి" అన్నారు. యాంటీవైరస్ వాళ్లు, "విండోస్ అప్‌డేట్ తర్వాత వచ్చిన సమస్య కదా మేడమ్" అన్నారు. టైపింగ్ ప్రోగ్రాం అమ్మినాయన, "పాత విండోస్‌కే వెళ్లిపోండమ్మా" అని తేల్చేశారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, అదే నాకు మంటెక్కించింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను నా నెత్తిన పెట్టిన కంపెనీయే దాని సంగతి తనకు తెలియదంటే నేను ఎవరిని పట్టుకోవాలి?

ఈ తగువు కొత్తది కాదు. 2016 నవంబర్‌లో రష్యా యాంటీవైరస్ కంపెనీ అధిపతి యూజీన్ కాస్పర్‌స్కీ, విండోస్ 10 కొత్త వెర్షన్లకు మారేటప్పుడు తమ యాంటీవైరస్‌ను పక్కకు నెట్టి, విండోస్‌లోనే ఉండే సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను కూర్చోబెడుతున్నారని మైక్రోసాఫ్ట్ మీద బహిరంగంగా మండిపడ్డారు. రష్యాలో ఫిర్యాదు చేశారు, 2017 జూన్‌లో యూరోపియన్ కమిషన్ దాకా వెళ్లారు. దాదాపు 95 శాతం కంప్యూటర్లలో కొత్త వెర్షన్‌కు సరిపడే యాంటీవైరస్ ముందే ఉందని, మిగిలిన వాటిలో కొన్ని భాగాలను తాత్కాలికంగా ఆపామని మైక్రోసాఫ్ట్ జవాబిచ్చింది. ఆగస్టుకు రాజీ కుదిరింది. తుది వెర్షన్‌ను పరీక్షించుకోవడానికి యాంటీవైరస్ కంపెనీలకు మరింత సమయం ఇస్తామని, గడువు గురించిన హెచ్చరికలను వాళ్లే సొంతంగా చూపించుకోవచ్చని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. ఆ వార్త చదివినప్పుడు నేను చిన్న కంపెనీ పక్షాన ఉన్నాను. నా ముహూర్తం పంక్తి మీద లేచే ఎర్ర డబ్బాకు అనుమతి ఆ రాజీలోదేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంటుంది.

అలాగని విండోస్‌కు ముందుచూపు లేదనను. 2018 జనవరిలో ప్రాసెసర్లలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు మందు వేసినప్పుడు, యాంటీవైరస్ తాను సరిపడతానని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) గుర్తు పెట్టని కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్ ఇవ్వలేదు. ఇస్తే కొన్ని నీలి తెర పడి ఆగిపోయేవి. 24హెచ్2 విషయంలోనూ, 2024 డిసెంబర్‌లో డిరాక్ ఆడియో అనే ధ్వని సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని కంప్యూటర్లలో స్పీకర్లు మూగబోతున్నాయని వాటికి అప్‌డేట్‌ను నిలిపివేశారు. డిరాక్‌ను గమనించే కన్ను ఉంది. తెనాలిలో డాంగిల్‌తో నడిచే తెలుగు ప్రోగ్రాంను ఎవరు గమనిస్తారు?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. విండోస్‌తోపాటే వచ్చే తెలుగు నన్ను ఎప్పుడూ ఏడిపించలేదు. ఎక్స్‌పీలో వచ్చిన గౌతమి, విండోస్ 7లో వచ్చిన వాణి, ఆ తర్వాతి నిర్మల, ఈ ఫాంట్లేవీ ఏ అప్‌డేట్‌కూ చెక్కుచెదరలేదు. ఆ రోజు పెళ్లివారికి ఉత్తరం యూనికోడ్‌లోనే కొట్టి పంపాను. కానీ శుభలేఖ మీద గౌతమి వేస్తే కరెంటు బిల్లులా ఉంటుందని మా ఖాతాదార్ల ఫిర్యాదు. నిజమే కూడా. అందుకే పాత ఫాంట్లను వదల్లేకపోతున్నాను.

చివరికి చేసింది చిన్న పనే. క్వారంటైన్ నుంచి ఫైలును వెనక్కి తెచ్చి, దాన్ని మినహాయింపుల జాబితాలో పెట్టాను. రెండు రోజులకు మళ్లీ మింగేసింది. అప్పుడు యాంటీవైరస్‌నే పూర్తిగా తొలగించాను. తొలగించగానే డిఫెండర్ తనంతట తానే పనిలోకి దిగింది, టైపింగ్ ప్రోగ్రాం జోలికి రాలేదు, ఎర్ర డబ్బా మళ్లీ లేవలేదు. నా 999లో మిగిలిన నాలుగు నెలల డబ్బు అడిగితే ఇవ్వలేదు. నాలాంటి పనివాళ్లు పెద్ద అప్‌డేట్‌కు ముందు ఇలాంటి వాటిని తీసేసుకోవడం మేలు. ఎక్కాక గొడవైతే పది రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి పాత వెర్షన్‌కు వెళ్లవచ్చు. పెళ్లిళ్ల సీజన్లో నేను అప్‌డేట్లను ఆపి ఉంచుతున్నాను, అయిదు వారాల దాకా ఆగుతాయి.

ల్యాప్‌టాప్‌కు నాలుగు నక్షత్రాలు. యాంటీవైరస్‌కు ఒకటి, అది కూడా తొలగించేటప్పుడు మొండికేయకుండా వెళ్లినందుకు. ఆ ఎనిమిది శుభలేఖల్లో ఒకటి ఒక రోజు ఆలస్యమైంది. బిల్లులో మూడు వందలు తగ్గించాను.

మొన్న మా అక్క కొడుక్కి ల్యాప్‌టాప్ కొనడానికి అదే దుకాణానికి వెళ్లాను. అదనంగా వచ్చినవన్నీ తీసేసి ఇమ్మంటే ఆ కుర్రవాడే నా వైపు వింతగా చూశాడు. "ఉచితమే కదా మేడమ్, ఉంటే ఏమవుతుంది?"