హల్ డిజైన్‌కి ఫ్రీక్యాడ్: మాక్రోలో వేరియబుల్స్ పెట్టుకుంటేనే అసలు లాభం

చిన్న పడవల హల్ (పడవ బయటి ఒళ్ళు) డిజైన్‌కి ఫ్రీక్యాడ్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పనికొస్తుందా అంటే, పనికొస్తుంది, కానీ మాక్రో (పనుల్ని వరసగా తనే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) రాసుకునే ఓపిక ఉన్నవాళ్ళకే. మౌస్‌తో గీసుకుంటూ పోదామనుకుంటే విసుగొస్తుంది.

ముందు డబ్బు సంగతి. పూర్తిగా ఉచితం, కమర్షియల్ పనికి వాడినా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. మ్యాక్స్‌సర్ఫ్, నాపా లాంటి ఓడల డిజైన్ సాఫ్ట్‌వేర్లు పెద్ద ఆఫీసులు కొనుక్కుంటాయి, మాదాపూర్‌లో ఒక గది తీసుకుని ఫైబర్ పడవలకి డ్రాయింగులు వేసే నాలాంటివాళ్ళకి ఆ లైసెన్స్ టెన్షన్ ఎందుకు? 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 గానీ ఆ తర్వాతిది గానీ వేసుకోండి. పాత వెర్షన్లలో స్కెచ్‌లో ఒక గీత మారిస్తే దాని మీద కట్టినవన్నీ తెగిపోయేవి, 1.0లో ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఇక మాక్రో. ఎర్ర చుక్క బటన్ నొక్కితే మీరు చేసే పనంతా పైథాన్ కోడ్‌గా రికార్డ్ అవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ రికార్డ్ అయిన కోడ్ నిండా మీరు గీసిన ఆ ఒక్క పడవ అంకెలే ఉంటాయి, పైగా వస్తువుల్ని పేర్లు పెట్టి పిలుస్తుంది. అదే ఫైల్లో రెండోసారి నడిపితే కొత్తగా తయారైన లాఫ్ట్‌కి (అడ్డకోతల గీతల్ని కలుపుతూ చేసే ఆకారం) లాఫ్ట్001 అని పేరు పడుతుంది, కోడ్ మాత్రం ఇంకా పాత లాఫ్ట్‌నే పట్టుకుని ఉంటుంది. అందుకే వస్తువు తయారవగానే దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకోవాలి, పొడవు, వెడల్పు, డ్రాఫ్ట్ (పడవ నీళ్ళలో మునిగే లోతు) అంకెలన్నీ తీసేసి స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో గడికి ఏలియస్ పేరు పెట్టి అక్కడి నుంచి చదివించాలి.

పేర్ల దగ్గర ఒక చిక్కుంది. పుస్తకాల్లో డ్రాఫ్ట్‌కి టీ అనే అక్షరం రాస్తాం కదా, ఏలియస్‌గా పెద్ద టీ ఇస్తే ఒప్పుకోదు, ఎందుకంటే అది టెస్లా అనే యూనిట్. డ్రాఫ్ట్ అని పూర్తిగా రాసేయండి. ఇంకోటి, లోపల లెక్కంతా మిల్లీమీటర్లలోనే, ఘనపరిమాణం క్యూబిక్ మిల్లీమీటర్లలో వస్తుంది, వంద కోట్లతో భాగిస్తేనే క్యూబిక్ మీటర్లు.

ఇదంతా ఎందుకంటే, పడవ కట్టేవాళ్ళు ఫోన్ చేసి "సార్, వెడల్పు ఇంకో జానెడు పెంచితే ఎట్లుంటది?" అని అడుగుతారు. 2 మీటర్ల బీమ్‌కి (పడవ వెడల్పు) 20 సెంటీమీటర్లు అనుకోండి, అంటే 10 శాతం. ఆకారం అదే ఉంచి వెడల్పు మాత్రమే సాగదీస్తే, అదే డ్రాఫ్ట్ దగ్గర బీఎం (పడవ ఒరిగితే ఎంత నిలదొక్కుకుంటుందో లెక్కగట్టడానికి వాడే ఒక ఎత్తు) వెడల్పు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 21 శాతం ఎక్కువ. కానీ పడవ బరువు అంతే ఉంటే అది కాస్త పైకి తేలుతుంది, డ్రాఫ్ట్ తగ్గుతుంది, దాంతో కేబీ (అడుగు నుంచి మునిగిన భాగం కేంద్రం దాకా ఎత్తు), బీఎం మళ్ళీ మారతాయి. ఈ తిరకాసు ఉత్త స్ప్రెడ్‌షీట్ ఫార్ములాతో తేలదు, లూప్ కావాలి. మాక్రోలో ఒక డ్రాఫ్ట్ అనుకుని, ఆ గీత దాకా హల్‌ని కోసి, మునిగిన భాగం ఘనపరిమాణాన్ని నీటి సాంద్రతతో గుణించి, బరువుతో పోల్చి, ఎక్కువైతే గీత దించి, తక్కువైతే పెంచి, తేడా పోయేదాకా తిప్పాలి. బీమ్ గడిలో కొత్త అంకె వేసి రన్ కొడితే కొత్త డ్రాఫ్ట్, కొత్త జీఎం (పడవ స్థిరత్వాన్ని చెప్పే అంకె) వచ్చేస్తాయి, ఫోన్ పెట్టేలోపే జవాబు చెప్పొచ్చు. ఈ ఒక్క సుఖం కోసమైనా నేను దీన్ని వదలను. కోడ్‌లో విలువ మార్చాక రీకంప్యూట్ (మోడల్‌ని మళ్ళీ లెక్కించే ఆదేశం) పిలవడం మాత్రం మరవద్దు, లేకపోతే పాత ఆకారాన్నే కొలుస్తుంది.

సాంద్రతని కూడా వేరియబుల్‌గానే ఉంచండి. హుస్సేన్ సాగర్‌లో తిరిగే పడవకి క్యూబిక్ మీటర్‌కి 1000 కిలోలు, విశాఖలో సముద్రంలో దిగే పడవకి 1025. మంచినీళ్ళలో పడవ ఆ మేరకు ఎక్కువ మునుగుతుంది.

మాక్రోని నమ్మే ముందు విగ్లీ హల్‌తో పరీక్ష పెట్టండి. అది ఫార్ములాతో గీసే ఆకారం, దాని బ్లాక్ కోఎఫిషియెంట్ (పొడవు, వెడల్పు, డ్రాఫ్ట్ కొలతల పెట్టెలో మునిగిన భాగం నింపే వంతు) కచ్చితంగా తొమ్మిదింట నాలుగు వంతులు, అంటే 0.444. పొడవు 10 మీటర్లు, వెడల్పు 1, డ్రాఫ్ట్ 0.625 ఇస్తే 2.778 క్యూబిక్ మీటర్లు రావాలి, కేబీ డ్రాఫ్ట్‌లో ఎనిమిదింట ఐదు వంతులు రావాలి. లాఫ్ట్‌కి స్టేషన్లు (హల్ అడ్డకోతలు) తక్కువ పెడితే కొద్దిపాటి తేడా సహజం. తేడా పెద్దగా ఉంటే యూనిట్లు చూసుకోండి, లేదా సగం హల్‌నే కొలుస్తున్నారేమో చూడండి.

నాకు నచ్చనిది ఫెయిరింగ్, అంటే ఎత్తుపల్లాలు లేకుండా హల్‌ని నున్నగా చేయడం. స్టేషన్ల మధ్య లాఫ్ట్ అక్కడక్కడా ఉబ్బుతుంది, ముఖ్యంగా ముక్కు దగ్గర, దాన్ని సరిచేసే పనిముట్లు రైనో అనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నంత చక్కగా ఇక్కడ లేవు. స్కెచ్‌లో బీ-స్ప్లైన్‌కి (వంపు గీత) కర్వేచర్ కోంబ్ (వంపు ఎక్కడెంతుందో దువ్వెన పళ్ళలా చూపే గీతలు) చూపించే బటన్ ఉంది, ప్రతి స్టేషన్‌కి అది వేసి చూడండి. బీమ్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ చూడాలి, మోల్డ్ వాళ్ళకి ఫైల్ పంపే ముందైతే తప్పనిసరిగా.