న్యూటన్ పెట్టెతో ఆరేళ్లు: తేనె గది ఎప్పుడు ఎక్కించాలి

అడవివరంలో మా పెరడు సింహాచలం కొండ పాదానికి ఆనుకుని ఉంటుంది. వెనుక జీడిమామిడి తోట, పక్కింట్లో రెండు మామిడి చెట్లు, మా ప్రహరీ దగ్గర మునగ. 2019 జనవరిలో మొదటి తేనెపెట్టె పెట్టాను, ఏడాది తిరిగాక రెండోది. రెండూ న్యూటన్ రకమే. కింద ఏడు చట్రాల (ఈగలు మైనపు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేములు) పిల్లల గది, దాని మీద పొట్టి చట్రాల తేనె గది. గత శతాబ్దం తొలినాళ్లలో న్యూటన్ అనే క్రైస్తవ ఫాదరీ మన పుట్ట తేనెటీగల కొలతకు తగ్గట్టు చేయించిన పెట్టె ఇది. మన ఈగల కంటే పెద్దవైన ఇటాలియన్ ఈగల పెద్ద పెట్టె చూసి మొదట నోరూరింది కానీ, స్టాండుతో కలిపి మూడు వేల లోపు అయ్యేది ఇదేనని దీనితో సరిపెట్టుకున్నాను.

చూడటానికి వచ్చిన ప్రతివారూ తేనె ఎంత వస్తుందని అడుగుతారు. పెట్టెలో జాగా ఎంత ఉంచాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా నష్టాలన్నీ ఆ జాగా దగ్గరే జరిగాయి.

మొదటి ఏడాది ఆగస్టులో, ఈగలకు విశాలంగా ఉంటుందని తేనె గది ఎక్కించాను. వానాకాలం, పూత లేదు, పిల్లల గదిలోనే మూడు నాలుగు చట్రాలకు మించి ఈగలు లేవు. కాపలాకు ఈగ చాలని చోట మైనపు పురుగు చేరుతుంది. సెప్టెంబరులో మూత ఎత్తితే ఒక్క ఈగా లేదు. చట్రాల మధ్య సాలెగూడు లాంటి దారాలు, అడుగున మిరియాల పొడిలా పురుగు రెట్ట. మన ఈగలకు ఇల్లు నచ్చకపోతే బాగుచేసుకుంటూ కూర్చోవు, కుటుంబం మొత్తం లేచిపోతుంది.

ఆ దెబ్బకు భయపడి 2021 ఫిబ్రవరిలో తేనె గది ఎక్కించకుండా తాత్సారం చేశాను. జీడి, మామిడి, మునగ మూడూ ఒకేసారి పూశాయి. వచ్చిన మకరందానికి పైన చోటు లేక, ఈగలు దాన్ని పిల్లలు ఉండాల్సిన మైనపు గదుల్లోనే నింపేశాయి. రాణికి గుడ్డు పెట్టడానికి ఖాళీ గది దొరకలేదు. చట్రాల అడుగు అంచున వేరుశనగ కాయల్లా, కొత్త రాణులు పెరిగే రాణి గదులు వేలాడుతుంటే చూసి కూడా, వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. గురువారం పక్కింటాయన గోడ మీదుగా పిలిచాడు. "మాస్టారూ, మీ ఈగలు మా మీటరు పెట్టెలో కాపురం పెట్టేశాయండీ. కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

ఈ రెండు పాఠాల తర్వాత నా పద్ధతి మారింది. తేనె గది ఎక్కించడానికి నేను క్యాలెండరు చూడను. ఏడు చట్రాలకూ రెండు వైపులా ఈగలు కమ్ముకుని ఉండాలి. చట్రాల పై పట్టీల అంచున కొత్త మైనం సున్నం పూసినట్టు తెల్లగా మెరవాలి. ఈ రెండూ కనిపించిన రోజే ఎక్కిస్తాను, అంతకు ముందు కాదు. మా దగ్గర ఇది ఎక్కువగా ఫిబ్రవరిలో వస్తుంది. వేప, కానుగ, చింత పూతలు అయ్యేదాకా గది ఉంచి, వానలు పడే ముందు దించేస్తాను.

ఇందుకు ఈ పెట్టె నిజంగా అనుకూలం. తేనె చట్రం ఎత్తు పిల్లల చట్రంలో సగం కూడా ఉండదు కాబట్టి ఒక్కసారిగా బోలెడు ఖాళీ ఇచ్చినట్టు కాదు. రాణి కూడా ఆ పొట్టి చట్రాల్లోకి ఎక్కి గుడ్లు పెట్టడం ఆరేళ్లలో రెండుసార్లే చూశాను. రాణిని ఆపే జాలీ అని ఒకటి అమ్ముతారు. కొన్నాను, డబ్బు దండగ. నాకు అంటగట్టింది ఇటాలియన్ ఈగల కొలతది, మన రాణి సన్నగా ఉంటుంది, దర్జాగా దూరిపోయింది.

వీటన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన వస్తువు అడ్డుపలక. చట్రం ఆకారంలో ఉండే ఉత్త చెక్క. జూలైలో ఈగలు తగ్గినప్పుడు, ఈగలు లేని చట్రాలు తీసేసి, ఉన్నవాటి పక్కకు దీన్ని జరిపితే గది చిన్నదవుతుంది, కాపలా సరిపోతుంది. మా పెట్టెతో ఇది ఇవ్వలేదు, వడ్రంగి దగ్గర విడిగా చేయించుకున్నాను. పెట్టె అమ్మినవారు దీని మాటే ఎత్తకపోవడం నాకు ఇప్పటికీ కోపమే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారానికోసారి చట్రాలు ఎత్తి చూడక తప్పదు. గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజుకల్లా రాణి గదికి మూత పడుతుంది, ఆ తర్వాత పాత రాణి సగం ఈగలతో బయలుదేరుతుంది. నా ఆదివారం వాయిదా ఎందుకు కొంప ముంచిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

తేనె తీసేది చట్రంలో ముక్కాలు వంతు మైనపు గదులకు మూత పడ్డాకే. పిల్లల చట్రం పైభాగంలో వంపుగా ఉండే తేనె జోలికి పోను, వానాకాలం వాటికి అదే తిండి. యంత్రంలో తిప్పి తీసిన ఖాళీ చట్రాలు పారేయకూడదు, మళ్లీ మైనం కట్టే శ్రమ ఈగలకు తప్పుతుంది. కానీ బయట ఉంచితే పురుగు పడుతుంది. సంచిలో చుట్టి రెండు రోజులు ఫ్రీజరులో పెట్టి, తర్వాత గట్టిగా మూత పడే డబ్బాలో దాస్తాను. ఆ రెండు రోజులూ చేపలు కొనకూడదని ఇంట్లో ఒప్పందం.

దిగుబడి దాచను. మొదటి ఏడాది సున్నా. బాగా పండిన ఏడాది రెండు పెట్టెలకూ కలిపి 9 కిలోలు, మామూలుగా ఐదారు. వ్యాపారం అనుకునేవారికి ఇది చాలదు.

పెట్టె లోపాలు కూడా చెప్పాలి. మూత మీది రేకు మన ఉప్పుగాలికి మూడేళ్లలో తుప్పు పట్టి చిల్లులు పడింది. మేకులూ అంతే. వానల్లో చెక్క ఉబ్బి చట్రాలు బిగుసుకుపోతాయి, బలవంతంగా లాగితే ఈగలు నలిగి అదే వాసనకు మిగతావి కుడతాయి. అడుగుపలక విడిగా వచ్చేయడం మాత్రం గొప్ప సౌకర్యం. మన ఈగలు పాత మైనాన్ని కొరికి కింద పోస్తాయి, ఆ పొడిలోనే మైనపు పురుగు పిల్లలు పెరుగుతాయి. పది రోజులకోసారి పలక లాగి, గీకి, ఎండలో పెడితే సగం బాధ పోతుంది. స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు తప్పనిసరి. అవి ఎండిన ఒక్క రాత్రి చాలు చీమలకు.

మొన్న మూడో పెట్టెకు చెప్పి వచ్చాను. మూతకు రేకు వద్దని, మేకుల బదులు ఇత్తడి మరలు వేయమని, అడ్డుపలకలు రెండు ముందే చేసి ఇమ్మని.